ఎల్క్ వేటకి ఏ రైఫిలు? ముందు బుల్లెట్టు సంగతి చూడండి

పోయిన వారం ఇంజినీరింగులో నా క్లాస్‌మేటు ఒకడు ఫోన్ చేశాడు. వాడు డెన్వర్‌కి మారి ఏడాది దాటింది. "ఒరేయ్, ఈసారి నేను కూడా ఎల్క్ వేటకి వెళ్తున్నా. రైఫిలు కూడా చూసి పెట్టుకున్నా, .300 విన్ మ్యాగ్. కరెక్టే కదా?" అన్నాడు. బుల్లెట్ ఏది వాడతావురా అని అడిగాను. "ఏదో ఒకటిలే.. షాపులో ఏది చవగ్గా దొరికితే అది" అన్నాడు.

సరిగ్గా 2023లో నేను కూడా ఇదే రైఫిలు, ఇదే మాట. దాని ఫలితం నేను కాదు, ఒక ఆడ ఎల్క్ అనుభవించింది. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పాను గానీ నాకు తృప్తి కలగలేదు. నాకు తెలిసిన మనవాళ్ళలోనే ఇంకో నలుగురు ఇదే ఆలోచనలో ఉన్నారు. అందుకే ఈ టపా. శాకాహారులు, సున్నిత మనస్కులు ఇక్కడే ఆగిపోతే నాకేమీ కోపం లేదు :)

ఎల్క్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది జింక జాతిదే. మన అడవుల్లో ఉండే కణుజుకి (కొన్నిచోట్ల కణితి అంటారు) పెద్దన్నయ్య అనుకోండి. మగది మూడు వందల కిలోలు దాటుతుంది, ఆడది రెండు వందల పైచిలుకు. ప్రపంచంలో ఇంకే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్ కొలరాడోలో ఉన్నాయి, రెండున్నర లక్షలకి పైనే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేట అంటే నేరం. ఇక్కడ ఏటా ఎన్ని చంపొచ్చో ప్రభుత్వమే లెక్కగట్టి లైసెన్సులిస్తుంది. ఆ లైసెన్సుల సొమ్ము వన్యప్రాణి శాఖకే పోతుంది. తుపాకులు, తూటాల మీద వేసే కేంద్ర పన్ను కూడా 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి పనులకే వెళ్తుంది. వేట తప్పా ఒప్పా అనే చర్చ ఇంకోసారి పెట్టుకుందాం. వేటకి వెళ్ళాలని నిర్ణయించుకున్నాక ఆ జంతువుని త్వరగా, బాధ లేకుండా చంపడం మన బాధ్యత. ఈ ఒక్క మాట మీద ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటా. రైఫిలు ఎంపిక అనేదంతా దానికోసమే.

వీసా మీద ఉన్నవాళ్ళకి

క్యాలిబర్ సంగతి తర్వాత, ముందు ఇది చదవండి. హెచ్ వన్ బీ లాంటి నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు చేతిలో ఉండాలి. స్నేహితుడి తుపాకీ ఓసారి తీసుకుని రేంజ్‌లో పేలుస్తా అన్నా అదే చట్టం వర్తిస్తుంది, సొంతంగా కొంటేనే కాదు. సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే మన కుర్రాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళు నిలబడ్డవాడు ఒక్క ఫోటోతో దాన్ని ప్రమాదంలో పెట్టుకోవడం ఎందుకు? లైసెన్సు గడువు తేదీ క్యాలెండర్లో రాసుకోండి. ఏ మాత్రం సందేహం ఉన్నా లాయరుని అడగండి, నన్ను కాదు.

కొలరాడోలో 1949 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తేనే లైసెన్సు ఇస్తారు. బోరు కొడుతుందని వెళ్ళాను గానీ, ఇక్కడికొచ్చాక నేను చేసిన కోర్సులన్నిట్లో పనికొచ్చింది ఇదే.

చట్టం అడిగేది పాస్ మార్కులు

కొలరాడోలో ఎల్క్ మీద వాడే రైఫిలు కనీసం .24 క్యాలిబర్ ఉండాలి. బుల్లెట్ తగిలాక విచ్చుకునే రకం అయ్యుండాలి. బరువు కనీసం 85 గ్రెయిన్లు, 100 గజాల దగ్గర శక్తి కనీసం 1000 ఫుట్ పౌండ్లు. ఈ లెక్కన .243 విన్‌చెస్టర్ కూడా చట్టబద్ధమే. ఆరితేరినవాళ్ళు దాంతో ఎల్క్ కొడతారు కూడా. అయితే ముప్ఫై అయిదు మార్కులు వస్తే పాస్ అన్నారు కదా అని ముప్ఫై అయిదుకే చదివితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కొత్తవాడికి ఆ .243 ఇవ్వకూడదు. వాడికి కాస్త వెసులుబాటు ఉండాలి.

ఈ అంకెల గోల

తుపాకీ ప్రపంచంలో పేర్లు పెట్టినవాళ్ళెవరో గానీ మన పాత ప్రాజెక్టుల్లో వేరియబుల్స్‌కి పేర్లు పెట్టినవాడికి దగ్గరి చుట్టం అయ్యుంటాడు. .308 అంటే బుల్లెట్ వ్యాసం అంగుళాల్లో, సరే. .30-06 అంటే? ముప్ఫై క్యాలిబర్, '06 అంటే 1906, అది వచ్చిన సంవత్సరం. దాని బుల్లెట్ వ్యాసం కూడా .308 అంగుళాలే. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌ది కూడా .308 అంగుళాలే! .270 విన్‌చెస్టర్‌దేమో .277. లాజిక్ వెతకొద్దు, బట్టీ పట్టేయండి.

ఇంకో గందరగోళం. మనం మామూలుగా తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాం. ఈ టపాలో తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి గొట్టం, మందు, ముందున్న లోహపు ముక్క. బుల్లెట్ అంటే గాల్లోకి ఎగిరి వెళ్ళే ఆ ముక్క ఒక్కటే. క్యాలిబర్ గురించి జరిగే వాదనంతా నిజానికి గొట్టం గురించి, అంటే ఆ ముక్కని ఎంత వేగంగా తోస్తుందనే దాని గురించి. జంతువుని తాకేది మాత్రం ఆ ముక్క.

బరువు గ్రెయిన్లలో చెప్తారు. ఒక గ్రాముకి పదిహేనున్నర గ్రెయిన్లు సుమారుగా. సులువుగా గుర్తుండాలంటే మన తులం ఉందిగా? బ్రిటిషు కాలంలో ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. (ఇప్పుడు మనవాళ్ళు పది గ్రాములకి సర్దేశారనుకోండి.) ఎల్క్‌కి బాగా వాడే .30 క్యాలిబర్ బుల్లెట్ బరువు కూడా సరిగ్గా 180 గ్రెయిన్లే. అంటే రెండు వందల కిలోల జంతువుని పడగొట్టేది ఒక తులం లోహం. ఆ తులం ఎలా తయారైందో పట్టించుకోకుండా గొట్టం గురించి తన్నుకోవడం ఏంటి?

తన్నుకోవడం అంటే మామూలుగా కాదు. జాక్ ఓ'కానర్ అని ఓ రచయిత ఉండేవాడు, 1925లో వచ్చిన .270కి వీరాభిమాని. చిన్న బుల్లెట్, మంచి వేగం, సరైన చోట తగిలితే చాలు అనేవాడు. ఎల్మర్ కీత్ అని ఇంకొకాయన, లావు బుల్లెట్, బరువు బుల్లెట్ కావాల్సిందే అనేవాడు. ఇద్దరూ ఐడహో రాష్ట్రంలోనే ఉండేవాళ్ళు, జీవితాంతం పడేది కాదు. ఇద్దరూ పోయి దశాబ్దాలైనా వాళ్ళ శిష్యులు ఇంకా కొట్టుకుంటున్నారు. 1962లో 7 ఎమ్ఎమ్ రెమింగ్టన్ మ్యాగ్నమ్, మరుసటేడు .300 విన్ మ్యాగ్, 2007లో 6.5 క్రీడ్‌మూర్, 2022లో 7 పీఆర్‌సీ.. కొత్తది వచ్చినప్పుడల్లా పాతవన్నీ పనికిరావన్నట్టు మాట్లాడతారు. విమ్మా ఈమ్యాక్సా, జావానా డాట్ నెట్టా అని కొట్టుకున్న జాతి మనది, మనకిది కొత్తేం కాదు. ఒక తేడా ఉంది. అక్కడ తప్పు భాష ఎంచుకుంటే ఒక వారాంతం పోతుంది.

మనకి తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే జిమ్ కార్బెట్. 1907లో చంపావత్ పులిని చంపినందుకు ఆయనకి బహుమతిగా ఇచ్చిన రైఫిలు .275 రిగ్బీ. ఈ రోజు లెక్కల్లో అది మధ్యస్తం కూడా కాదు, చిన్నదే. 1926లో రుద్రప్రయాగ చిరుతని చంపింది దాంతోనే. చిరుతని ఎల్క్‌తో పోల్చలేం అనుకోండి. అయినా ఆ రైఫిలు ఆయన చేతికి అలవాటైపోయిన వస్తువు, చీకట్లో కూడా ఎటు పోతుందో తెలుసు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

నా కథ

మా టీములో ఓ పెద్దాయన ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, పన్నెండో ఏట నుంచి ఎల్క్ వేటాడుతున్నాడు. 2023లో నన్ను కూడా రమ్మన్నాడు. "నా దగ్గర రెండో .270 ఉంది, అది వాడుకో" అన్నాడు. నేను వింటేగా! నెట్‌లో నెల రోజులు చదివి, ఎక్సెల్ షీటు కట్టి, శక్తి అన్న కాలమ్‌ని పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేసి .300 విన్ మ్యాగ్ కొన్నాను. కొలరాడోలో కొత్తవాడికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నా. రైఫిలుకి, స్కోపుకి చేయి తిరిగేంత ఖర్చయింది కాబట్టి తూటాల దగ్గర పిసినారితనం చేశా. 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్, షాపులో అన్నిటికంటే చవక. వేగం ఎక్కువ అని డబ్బా మీద రాసి ఉంది, ఇంకేం!

నవంబరులో ఐ-70 మీద పడమరగా వెళ్ళి, రైఫిల్ అనే ఊరి దగ్గర (నిజంగానే ఆ ఊరి పేరు రైఫిల్) ఉత్తరానికి తిరిగి, మీకర్ మీదుగా వైట్ రివర్ అడవుల్లోకి వెళ్ళాం. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. పది అడుగులు వేస్తే ఆయాసం. మూడో రోజు సాయంత్రం, సూర్యాస్తమయానికి ఇంకో పది నిమిషాలుందనగా, ఓ ఆడ ఎల్క్ చెట్ల మధ్య నుంచి బయటికొచ్చింది. దూరం డెబ్భై గజాలు. ఇంచుమించు నాకు ఎదురుగా, కాస్త ఏటవాలుగా నిలబడింది. పెద్దాయన "ఆగు, పక్కకి తిరగనీ" అని గుసగుసలాడాడు. నేను ఆగలేదు.

అది కూలబడి, లేచి, మూడు కాళ్ళ మీద పరిగెత్తింది.

అరగంట ఆగి వెళ్ళి చూస్తే రక్తం చాలా తక్కువ. ఊపిరితిత్తులకి తగిలితే నురగతో లేత ఎరుపులో ఉంటుంది. ఇది మామూలు ఎరుపు, చుక్కలు చుక్కలుగా. అంటే కండకి తగిలింది. టార్చి పట్టుకుని రాత్రి పది దాకా వెతికాం. సూర్యాస్తమయం అయిన అరగంట తర్వాత కాల్చడం చట్టవిరుద్ధం కాబట్టి కనబడినా ఏం చెయ్యలేం. పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది. ఆ రాత్రి టెంటులో నిద్రపట్టలేదు. చలికి అనుకోండి, ఇంకోదానికి అనుకోండి.

తెల్లారాక మళ్ళీ మొదలుపెట్టి, తొమ్మిదింటికి, కాల్చిన చోటుకి అరమైలు దూరంలో చూశాం. పడుకుని ఉంది, తల ఎత్తే ఉంది, మమ్మల్ని చూస్తోంది. లేవలేకపోతోంది. రెండోసారి కాల్చాల్సి వచ్చింది. అంటే అది దాదాపు పదహారు గంటలు అలా ఉంది. నా వల్ల.

పోస్ట్‌మార్టమ్

ప్రొడక్షన్ పడిపోతే మనం పోస్ట్‌మార్టమ్ అని ఓ డాక్యుమెంటు రాస్తాం. ఇది అచ్చమైన పోస్ట్‌మార్టమ్. చర్మం తీసి కోస్తూ పెద్దాయన ఒక్కొక్కటీ చూపించాడు. మొదటి బుల్లెట్ ముందు జబ్బ ఎముకకి తగిలింది. అక్కడే పగిలిపోయింది. పైనున్న రాగి తొడుగు ఒకచోట, లోపలి సీసం ముక్కలు ముక్కలుగా ఇంకోచోట. జబ్బ మొత్తం నెత్తురు గడ్డకట్టి పారేయడానికి తప్ప పనికిరాలేదు. ఊపిరితిత్తి దాకా వెళ్ళినవి గోరంత ముక్కలు రెండు.

శక్తి చాలకా? డెబ్భై గజాల దగ్గర దానికున్న శక్తి ఆయన .270కి తూటా పేలిన క్షణంలో కూడా ఉండదు. సమస్య శక్తి ఎక్కువైనందుకే! ½mv² అని చదువుకున్నాం కదా. ఆ శక్తి ఎక్కడ ఖర్చయిందన్నది అసలు ప్రశ్న. సెకనుకి మూడు వేల అడుగుల పైచిలుకు వేగంతో వెళ్ళే తేలికపాటి మెత్తని బుల్లెట్ గట్టి ఎముకకి తగిలితే, ఆ శక్తంతా బుల్లెట్‌ని పగలగొట్టడానికే పోయింది. లోపలికి వెళ్ళడానికి ఏం మిగల్లేదు.

జంతువుని చంపేది ఫుట్ పౌండ్లు కాదండీ. ఊపిరితిత్తుల గుండా పడే బొక్క. అది రెండు వైపులా పడితే ఇంకా మంచిది, రక్తం త్వరగా పోతుంది, జాడ కూడా బాగా కనబడుతుంది. దానికి బుల్లెట్ రెండు పనులు చెయ్యాలి: విచ్చుకోవాలి, విచ్చుకున్నాక కూడా ఊడిపోకుండా లోపలికి వెళ్ళాలి. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. ఎక్కువ విచ్చుకుంటే తక్కువ దూరం వెళ్తుంది. ఈ రెంటినీ సర్దడమే బుల్లెట్ తయారుచేసేవాడి విద్య.

నాకైన అనుభవమే జాన్ నోస్లర్ అనే ఆయనకి 1946లో కెనడాలో అయింది. ఎల్క్ కంటే పెద్దదైన మూస్ మీద ఆయన బుల్లెట్లు పనిచెయ్యలేదు. ఆయన ఇంటికొచ్చి, మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్ చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, గోడ వెనకున్న సగం చెక్కుచెదరకుండా తోసుకుపోతుంది. అదే పార్టిషన్, 1948 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ దొరుకుతుంది. అనుభవం ఇద్దరిదీ ఒకటే, ఆయన కంపెనీ పెట్టాడు, నేను టపా రాస్తున్నా :)

బుల్లెట్ రకాలు, క్లుప్తంగా

మామూలు రకం: సీసం మీద రాగి తొడుగు. ఇది చెడ్డదేం కాదు. .30-06లో 180 గ్రెయిన్ల మామూలు బుల్లెట్‌తో తరతరాలుగా ఎల్క్ కొడుతున్నారు. బరువుగా ఉండి, వేగం ఓ మోస్తరుగా ఉంటే బానే పనిచేస్తుంది. మ్యాగ్నమ్ వేగంలో, తేలిక బరువులో, దగ్గర దూరంలో మాత్రం నమ్మొద్దు.

బాండెడ్ రకం: తొడుగుని సీసానికి అతికించేస్తారు, విడిపోదు. నోస్లర్ అక్యూబాండ్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ లాంటివి. (ఎ-ఫ్రేమ్‌లో అతుకు, అడ్డుగోడ రెండూ ఉంటాయి.)

మొత్తం రాగి రకం: సీసమే లేదు. 1989లో బార్న్స్ ఎక్స్‌తో పేరొచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. తగిలాక రేకుల్లా విచ్చుకుంటుంది, బరువు దాదాపుగా పోదు. అందుకని ఒక మెట్టు తేలిక బుల్లెట్ వాడుకోవచ్చు, 180 బదులు 165. మాంసంలో సీసం తునకలు పడవు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇదే పెద్ద లాభం. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధం, అక్కడివాళ్ళకి వేరే దారి లేదు. లోపం ఒకటుంది: వేగం బాగా తగ్గాక సరిగా విచ్చుకోదు. కాబట్టి మరీ దూరాలకి పనికిరాదు.

పోటీల్లో వాడే మ్యాచ్ బుల్లెట్లు: కాగితం మీద బొక్కలు పెట్టడానికి చేసినవి. జంతువుల మీద వాడకండి.

ఇంకో అంకె చూడండి, సెక్షనల్ డెన్సిటీ. బరువుని వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేది. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉన్నది లోపలికి బాగా వెళ్తుంది, దబ్బనం లాగా. .243లో 100 గ్రెయిన్లకి ఇది 0.242. .30లో 180 గ్రెయిన్లకి 0.271. అందరూ ఆడవాళ్ళ తుపాకీ అని వెక్కిరించే 6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్లకి 0.293! స్వీడన్‌లో ఇదే లావున్న 6.5x55తో వందేళ్ళకి పైగా మూస్‌ని వేటాడుతున్నారు. వెక్కిరించేవాళ్ళకి ఈ మాట చెప్పండి.

అసలు బగ్ నాలోనే

బుల్లెట్ మీదే నింద వేసేసి ఊరుకుంటే అది నిజాయితీ కాదు. నేను గురిపెట్టింది జబ్బ వెనక. తగిలింది జబ్బ ఎముక మీద. ఎందుకు?

తర్వాతి వసంతంలో రేంజ్‌లో పెద్దాయన ఓ పరీక్ష పెట్టాడు. రైఫిలు ఆయన నింపి ఇస్తాడు. అందులో ఉత్తుత్తి తూటా ఉందో నిజంది ఉందో నాకు తెలియదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది, పేల్లేదు. గొట్టం మాత్రం బెత్తెడు కిందకి దిగింది. కళ్ళు కూడా మూసుకున్నానట! పేలబోతోందన్న భయానికి ఒళ్ళు ముందే బిగుసుకుంటోంది. ఫ్లించ్ అంటారు దీన్ని. నా ఎక్సెల్ షీటులో ఈ కాలమ్ లేదు.

వెనక్కి తన్నడం కూడా లెక్కగట్టొచ్చు. ఎనిమిది పౌండ్ల చిల్లర బరువున్న రైఫిలు అయితే 6.5 క్రీడ్‌మూర్ దాదాపు 12 ఫుట్ పౌండ్లతో తంతుంది, .270 అయితే 17, .30-06 అయితే 20, .300 విన్ మ్యాగ్ 26. రోజూ కాల్చేవాడు 26 భరిస్తాడు. ఏడాదికి నలభై తూటాలు కాల్చే మనలాంటివాడు భరించినట్టు నటిస్తాడు. భుజం నటిస్తుంది గానీ వేలు నటించదు. కార్బెట్ ఆ చిన్న రైఫిలు మీద ఎందుకంత నమ్మకం పెట్టుకున్నాడో నాకు ఆ రోజు అర్థమైంది.

మ్యాగ్నమ్‌లు దండగ అనడం లేదు. 400 గజాల అవతల గాలిలో పక్కకి జరగడం తక్కువ, బుల్లెట్ విచ్చుకునేంత వేగం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ దూరంలో కాల్చగల నైపుణ్యం ఉన్నవాడికి అది న్యాయమైన పనిముట్టు. ఆ నైపుణ్యం లేనివాడు అది కొంటే దూరం తగ్గదు, ధైర్యం మాత్రం అనవసరంగా పెరుగుతుంది.

ఇంతకీ ఏం కొనాలి?

మా క్లాస్‌మేటుకి చెప్పిందే మీకూ చెప్తున్నా. ఇది నా అభిప్రాయం మాత్రమే.

1. బెదరకుండా కాల్చగలిగిన వాటిలో పెద్దది కొనండి, దొరికేవాటిలో పెద్దది కాదు. కొత్తవాళ్ళలో ఎక్కువమందికి అది .308, .270, 7ఎమ్ఎమ్-08, 6.5 క్రీడ్‌మూర్‌లలో ఒకటి అవుతుంది. .30-06 భరించగలిగితే ఇంకా మంచిది. ఇవన్నీ చిన్న ఊరి షాపుల్లో కూడా దొరుకుతాయి. తూటాల డబ్బా ఇంట్లో మర్చిపోయినవాడికి ఆ విలువ తెలుస్తుంది.

2. రైఫిలులో రెండొందల డాలర్లు మిగిల్చి బుల్లెట్ మీద పెట్టండి. బాండెడ్, పార్టిషన్, రాగి, ఏదైనా ఒకటి. ఇరవై తూటాల డబ్బా ధర రెట్టింపు ఉండొచ్చు. సీజన్ మొత్తం మీద జంతువు మీద కాల్చేది ఒకటో రెండో. ఆ రెంటి దగ్గరా పొదుపు?

3. చవక తూటాలు సాధనకి వాడండి, తప్పులేదు. కానీ వేటకి వాడే తూటాతోనే మళ్ళీ జీరో చూసుకోండి. రెండూ ఒకేచోట తగలవు.

4. మీ దూరం మీరే తేల్చుకోండి. ఎల్క్ ఊపిరితిత్తులున్న భాగం అన్నం తినే కంచం అంత ఉంటుంది. బల్ల మీద కాదు, కూర్చుని, మోకాలి మీద, ఆయాసపడుతూ, అయిదు తూటాలూ ఆ కంచంలో ఎంత దూరం వరకు పడతాయో అదే మీ హద్దు. నా .308లో 165 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌ని 200 గజాలకి జీరో చేస్తే, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందకి దిగుతుంది, 400 దగ్గర రెండడుగులు. నా హద్దు 250.

5. పక్కకి తిరిగేదాకా ఆగండి. ఏ బుల్లెట్ అయినా, ఏ క్యాలిబర్ అయినా.

అవును, ఆ .300ని డీలరుకి అమ్మేశా, నష్టానికే. 2024లో .308తో వెళ్ళాను. రెండో రోజు పెద్దాయన తన పాత .270, పార్టిషన్ బుల్లెట్‌తో ఓ మగ ఎల్క్‌ని కొట్టాడు. జబ్బ వెనక తగిలింది, నలభై అడుగులు నడిచి పడిపోయింది. వెతకాల్సిన పనే లేదు. నాకు నాలుగో రోజు ఒకటి కనబడింది, నాలుగు వందల గజాల అవతల, లోయకి ఆ పక్క. పక్కకి తిరిగే నిలబడింది, చాలాసేపు. స్కోపులో చూస్తూ కూర్చున్నా. తర్వాత చెట్లలోకి వెళ్ళిపోయింది. నేను ఉత్తి చేతులతో ఇంటికొచ్చా.

ఇది విని మా క్లాస్‌మేటు "అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి కాల్చకుండా వచ్చావా? నీ .300 ఉంటే కొట్టేసేవాడివి కదరా" అన్నాడు. కొట్టేసేవాడినేమో. ఎక్కడ తగిలేదో మాత్రం నాకు తెలియదు. వాడికి ఆ మాటే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే, ఆ బుల్లెట్ పేరు వాట్సాప్‌లో పంపు" అన్నాడు. పంపాను. రైఫిలు ఏది కొంటాడో ఇంకా చెప్పలేదు.

మీలో ఎవరైనా వేటకి వెళ్ళినవాళ్ళుంటే మీ అనుభవం కూడా రాయండి. ముఖ్యంగా తప్పులు. విజయాల ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి.